వచ్చే ఆదివారం ఎంతమంది వస్తారు?

పిల్లల ఫుట్‌బాల్ లీగ్ బాగా నడిచిందో లేదో తేల్చడానికి కప్పు ఎవరు కొట్టారో చూడనక్కర్లేదు. మొదటి ఆదివారం వచ్చిన పిల్లల్లో ఆఖరి ఆదివారం దాకా ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి, చాలు. ముఖ్యంగా ఆటలో అందరికంటే వెనకబడ్డ పిల్లవాడు ఉన్నాడా, మధ్యలో మానేశాడా? వాడు పొద్దున్నే లేచి "అమ్మా, నా బూట్లేడ వెట్టినవే?" అని ఇల్లంతా వెతుకుతుంటే మీ లీగ్ గెలిచినట్టే. ఈ అధ్యాయం ఆ పిల్లవాడి కోసమే.

సూరత్‌లో ఉంటున్న మన తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని మీద వచ్చి, లింబాయత్, దిండోలీ, గోడాదరా, పర్వత్ పాటియా వైపు స్థిరపడ్డ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే మన జనం ఎంతమందో ఊహించుకోవచ్చు. దసరా ముందు బతుకమ్మ ఆడడానికి వీధి మొత్తం కదిలొస్తుంది. అదే వీధిలో ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆడుకోవాలంటే మాత్రం రెండు పార్సిల్ టెంపోల మధ్య సందు దొరికితే గొప్ప.

డబ్బున్న పేటల సంగతి వేరు. వేసూ, పాల్, అడాజణ్ వైపు పచ్చటి టర్ఫ్‌లు వరుసగా వెలిశాయి. గంటకు వందల రూపాయలు కట్టి రాత్రిళ్లు లైట్ల కింద బాక్స్ క్రికెట్ ఆడుతుంటారు. క్రికెట్ మీద నాకేమీ కోపం లేదు. కానీ ఆరేళ్ల పిల్లల చేత క్రికెట్ ఆడించి చూడండి. ఒకడు బ్యాటు పట్టుకుంటాడు, ఒకడు బంతి వేస్తాడు, మిగతా వాళ్లంతా నిలబడి ఉంటారు. బ్యాటు ఎవరిదో వాడు అవుటైనా దిగడు. చిన్నపిల్లలకు ఫుట్‌బాల్ నప్పడానికి అసలు కారణం ఇందులోనే ఉంది. సరిగా ఆడిస్తే ఫుట్‌బాల్‌లో ఊరికే నిలబడేవాడంటూ ఉండడు.

ఆ 'సరిగా ఆడించడం' దగ్గరే మనం తప్పుతాం. టీవీలో చూసింది పదకొండు మంది ఆట కాబట్టి పిల్లల్ని కూడా రెండు జట్లు చేసి, పెద్ద మైదానంలో ఒక్క బంతి వేసి వదిలేస్తాం. అప్పుడు జరిగేది ఇది: కాస్త ఎదిగిన ఇద్దరు ముగ్గురు బంతిని పంచుకుంటారు, పదిమంది ఆ దుమ్ము వెనకాల గుంపుగా పరిగెడతారు, మిగతావాళ్లు గోల్ పక్కన కూర్చుని గడ్డి పీకుతుంటారు. ఇంటికొచ్చాక "ఎట్లుందిరా ఆట?" అంటే "బాగుంది" అంటాడు. మూడో వారం కడుపునొప్పి అంటాడు. కడుపులో నొప్పేమీ ఉండదు. గంటసేపు ఆడినా బంతి కాలికి తగల్లేదు, అంతే.

దీనికి మందు చాలా దేశాలు ఎప్పుడో కనిపెట్టాయి: జట్టును చిన్నది చేయడం. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2017 నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు నలుగురు-నలుగురు ఆటనే ప్రమాణం చేసింది. అందులో గోల్‌కీపర్ ఉండడు. పదేళ్ల లోపు వాళ్లకు ఏడుగురు, పన్నెండేళ్ల లోపు వాళ్లకు తొమ్మిదిమంది. ఇంగ్లండ్‌లోనూ ఇదే దారి: వయసు పెరిగే కొద్దీ జట్టు పెరుగుతుంది, మైదానం పెరుగుతుంది, బంతి పెరుగుతుంది. మన దగ్గరా ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో 'గోల్డెన్ బేబీ లీగ్స్' పేరుతో ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడేలా, చిన్న జట్ల లీగులు మొదలుపెట్టింది. తర్వాత పిల్లల కార్యక్రమానికి 'బ్లూ కబ్స్' అని పేరు పెట్టారు. పేరు ఏదైనా ఉద్దేశం ఒక్కటే: పెద్ద క్లబ్బో, పేరున్న అకాడమీయో వచ్చేదాకా ఆగకుండా వాడకట్టులో, బడిలో, అపార్టుమెంటులో ఎవరైనా పూనుకుని లీగ్ నడపాలి. ఆ 'ఎవరైనా' మీరే ఎందుకు కాకూడదు?

లెక్క చూద్దాం. మీ వీధిలో ఇరవై నలుగురు పిల్లలున్నారనుకోండి. ఒకే ఆట పెడితే ఇరవై నలుగురికీ ఒక్క బంతి. నలుగురు-నలుగురుగా మూడు ఆటలు పెడితే మూడు బంతులు, ఎనిమిదిమందికి ఒకటి. మైదానం ముప్పై మీటర్ల పొడుగు, ఇరవై మీటర్ల వెడల్పు ఉంటే ఒక ఆటకు సరిపోతుంది. మామూలు మునిసిపల్ బడి ఆవరణలో అలాంటివి రెండు పడతాయి. అప్పుడు మూడో ఎనిమిదిమంది పక్కన బంతి నడిపించడం సాధన చేస్తారు, ప్రతి పావుగంటకూ మారతారు. గోల్‌పోస్టులు కొనకండి. రెండు ప్లాస్టిక్ కోన్లు, లేదా రెండు సంచుల మూటలు మీటరున్నర దూరంలో పెడితే అదే గోల్. ఇనప గోల్‌పోస్టు ఉన్న మైదానం దొరికితే ముందు అది నేలకు గట్టిగా బిగించి ఉందో లేదో చూడండి. బిగించని గోల్‌పోస్టు మీద పిల్లలు వేలాడి, అది మీద పడి ప్రాణాలు పోయిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

బంతి సైజు గురించి షాపులో ఎవరూ చెప్పరు, మీరే అడగాలి. పెద్దవాళ్లు ఆడేది 5వ నంబరు: చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 గ్రాముల పైన. ఎనిమిదేళ్ల లోపు పిల్లవాడికి 3వ నంబరు కావాలి. అది చుట్టుకొలతలో 60 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, బరువూ బాగా తక్కువ. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల దాకా 4వ నంబరు. "పెద్దయ్యాక కూడా పనికొస్తుంది గదా" అని 5వ నంబరు కొంటే ఆరేళ్ల పిల్లవాడికి అది రాయి తన్నినట్టే ఉంటుంది. ఒకటి రెండుసార్లు కాలు నొప్పి పుట్టాక మూడోసారి తన్నడు. మన దేశంలో బంతులు ఎక్కువగా జలంధర్, మీరట్‌లలో తయారవుతాయి. సాధన బంతికి మామూలు కుట్టు బంతి చాలు. బూట్ల సంగతికొస్తే, కాన్వాస్ బూట్లతో రానివ్వండి. మేకుల బూట్లు అక్కర్లేదు. కాలి ముందుభాగానికి షిన్ గార్డు మాత్రం కొనండి.

ఇక నియమాలు. చిన్నపిల్లలకు ఆఫ్‌సైడ్ లేదు. బంతి గీత దాటితే చేత్తో విసరకుండా కాలితో లోపలికి నడిపించుకు రావాలి. ఎవరూ తలతో కొట్టకూడదు. అమెరికా సమాఖ్య 2015లో పదేళ్లలోపు పిల్లలకు తలతో కొట్టడం నిషేధిస్తున్నట్టు ప్రకటించింది; ఇంగ్లండ్, స్కాట్లండ్ సమాఖ్యలు 2020లో ప్రాథమిక బడి వయసు పిల్లలకు సాధనలో దాన్ని ఆపమన్నాయి. ఎదుగుతున్న మెదడు సంగతి కాబట్టి ఇందులో వాదనకు చోటు లేదు. ఒక జట్టు నాలుగు గోల్స్ వెనకబడిందంటే ఓడుతున్న వైపు ఇంకొకణ్ని దింపండి. ఇంగ్లండ్ పిల్లల ఆటల్లో ఈ పద్ధతి ఉంది, చాలా తెలివైన పద్ధతి. గెలుస్తున్నవాళ్లకు ఆట కష్టమై మజా పెరుగుతుంది, ఓడేవాళ్లకు ఊపిరి ఆడుతుంది. అన్నిటికంటే ముఖ్యం: ప్రతి పిల్లవాడూ సమానంగా ఆడాలి. గడియారం చూసి మార్చండి, ఆట చూసి మార్చకండి. ఆట చూసి మార్చడం మొదలుపెట్టారంటే ఎవరు బయట కూర్చుంటారో మీకూ తెలుసు, వాడికీ తెలుసు.

అసలు చిక్కు పిల్లలతో రాదు, గీత బయట నిలబడ్డ మనతోనే వస్తుంది.

ఏ ఆదివారమైనా ఒక ఆట దగ్గర నిలబడి చూడండి. ఏడేళ్ల పిల్లవాడి వైపు బంతి మెల్లగా దొర్లుతూ వస్తోంది. వాడు మోకాళ్లు వంచి, నాలుక బయటపెట్టి, దాన్నే చూస్తున్నాడు. ఇంతలో గీత బయట నుంచి తండ్రి: "ఓరి, గట్ల నిలవడ్తవేందిరా! ఉర్కు! తన్ను!" అటు కోచ్ హిందీలో "పాస్ దే, పాస్ దే!" అంటాడు. ఇంకో పక్క మేనమామ "అరే, లెఫ్ట్‌కు తన్నురా!" అంటాడు. పిల్లవాడు బంతి మీంచి చూపు తీసి తండ్రి ముఖం చూస్తాడు. ఆ అర క్షణంలో బంతి వాడి కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోతుంది. మళ్లీ అరుపులు. ఈసారి వాడు బంతి వైపు వెళ్లనే వెళ్లడు, బంతి దగ్గరికొస్తే తిట్లు వస్తాయని వాడికి అర్థమైపోయింది కాబట్టి.

తండ్రి చెడ్డవాడేం కాదు. పవర్‌లూమ్‌లో పన్నెండు గంటల రాత్రి పాళీ చేసి, కళ్లు మండుతున్నా ఇంటికి పోకుండా నేరుగా మైదానానికి వచ్చాడు. మగ్గాల చప్పుడులో పనిచేసేవాడికి మామూలు మాట కూడా అరుపుగానే వస్తుంది. ఆయన్ను అవమానించకుండా చెప్పాలి. 1999లో అమెరికాలోని ఓహాయోలో ఒక బాలికల లీగ్ ఓ ఆదివారం పెద్దవాళ్లంతా నోరు మూసుకుని చూడాలని నియమం పెట్టింది. తర్వాత అది ఎన్నో ఊళ్లకు పాకింది. మీ లీగ్‌లోనూ సీజన్‌లో ఒక ఆదివారం అలా పెట్టండి. మిగతా ఆదివారాలకు ఒకే నియమం: పెద్దలందరూ ఒక పక్కనే, తాడు వెనకాల నిలబడాలి. చప్పట్లు కొట్టొచ్చు, పేరు పెట్టి పిలిచి ఏం చేయాలో చెప్పకూడదు. ఇంటికెళ్లేటప్పుడు బండి మీద ఆట విశ్లేషణ వద్దు. "గెల్చినవా?" అని అడక్కండి. "ఆకలైతుందా?" అని అడగండి. ఇది సూరత్ కాబట్టి జవాబుగా ఇక్కడి నాస్తా లోచో పేరే వస్తుంది.

పాయింట్ల పట్టిక పెట్టాలా వద్దా అన్నది మన వాళ్లతో పెద్ద గొడవ. "పట్టిక లేకపోతే పోటీ ఏముంది? పోటీ లేకపోతే పిల్లలు ఎట్ల ఎదుగుతరు?" అంటారు. పిల్లలకు స్కోరు ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లకు తెలుసు. ఇంటికెళ్లి లోచో తినేలోపు మరిచిపోతారు కూడా. పట్టిక కావలసింది పెద్దవాళ్లకు. నార్వేలో పిల్లల క్రీడలకు 1987 నుంచే ప్రత్యేక నియమాలున్నాయి. పదకొండో ఏడు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ప్రకటించరు. ఆ దేశానికి పోటీ చేతకాదని ఎవరూ అనలేరు: శీతాకాల ఒలింపిక్స్‌లో పతకాల జాబితా చూస్తే తెలుస్తుంది.

పట్టిక వల్ల మన దగ్గర ఇంకో చెడు కూడా పుడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లలకు కప్పు పెట్టారంటే ఎవరో ఒకరు పదేళ్ల వాణ్ని తీసుకొస్తారు. జనన ధ్రువపత్రం అడిగితే అదీ తెస్తారు. వయసు మోసం ఇండియన్ ఫుట్‌బాల్‌ను ఎంత పట్టి పీడించిందంటే, కుర్రాళ్ల టోర్నీలకు మణికట్టు ఎముక ఎక్స్‌రే తీసి వయసు అంచనా వేసే టీడబ్ల్యూ3 పరీక్ష పెట్టాల్సి వచ్చింది. కప్పు లేని చోట ఈ రోగానికి తిండి దొరకదు. అయినా ఒకే ఏడాది పుట్టిన వాళ్లలో కూడా జనవరి పిల్లవాడికీ డిసెంబరు పిల్లవాడికీ పదకొండు నెలల తేడా. ఆరేళ్ల వయసులో అది బతికిన కాలంలో దాదాపు ఆరో వంతు. పెద్ద దేశాల యువ జట్లలో సంవత్సరం మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఎంపికవుతున్నారని పరిశోధకులు ఎన్నోసార్లు చూపించారు. మనం 'టాలెంట్' అని మురిసిపోయేది చాలాసార్లు ఎత్తే. అందుకే జట్లు వేసేటప్పుడు పుట్టిన తేదీ ఒక్కటే చూడకండి. పిల్లల్ని వరుసలో నిలబెట్టి, ఎత్తును బట్టి అటూ ఇటూ కలిపి పంచండి. పోటీ తప్పకుండా కావాలనుకునే పెద్ద పిల్లలకు గుజరాత్ ప్రభుత్వం 2010 నుంచి నడుపుతున్న ఖేల్ మహాకుంభ్ ఎలాగూ ఉంది.

నియమాలు మార్చి ఆట నేర్పొచ్చని మనకు విదేశాల వాళ్లు చెప్పక్కర్లేదు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం ఆ పని డెబ్బై ఏళ్ల కిందటే చేశారు. బడి పంతులుగా మొదలైన రహీం సాబ్ శిక్షణలోనే భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన హైదరాబాదులో బంతిని ఒంటరిగా నడిపించకుండా పాసులతోనే ఆడే టోర్నీలు పెట్టారు, బలహీనమైన కాలితోనే ఆడే టోర్నీలు పెట్టారు, పొట్టివాళ్లకే ప్రత్యేకంగా టోర్నీలు పెట్టారు. ఈ మూడోదాన్ని కాస్త ఆలోచించండి. గాలిలో బంతి అందుకోలేనివాళ్లంతా ఒకచోట చేరితే బంతి నేల మీదకు దిగాల్సిందే, కాళ్లకు పని పడాల్సిందే. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం లాంటి మేటి ఆటగాళ్లను ఇచ్చిన నేల అది. మీ లీగ్‌లో నెలకో ఆదివారం 'ఎడమ కాలి ఆట' పెట్టండి. బాగా ఆడే పిల్లలు తడబడతారు, వెనకబడ్డవాళ్లు వాళ్లతో సమానమవుతారు, అందరూ నవ్వుతారు.

ఆడపిల్లల్ని విడిగా పెట్టకండి. పన్నెండేళ్ల లోపు శరీర బలంలో పెద్ద తేడా ఉండదు. విడిగా పెడితే సంఖ్య చాలక నాలుగో వారానికి ఆడపిల్లల లీగ్ మూతపడుతుంది, "వాళ్లకు ఆసక్తి లేదు" అని మనమే తీర్పు చెప్పేస్తాం. నిజామాబాద్ నుంచి వెళ్లిన సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడుతోంది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కూ వెళ్లింది. "ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏంది" అనే మీ చిన్నమ్మకు ఈ పేరు చెప్పండి.

క్యాలెండర్ ముందే వేసుకోకపోతే సూరత్‌లో లీగ్ నిలబడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, బురద. నవరాత్రి తొమ్మిది రోజులూ ఊరంతా అర్ధరాత్రి దాకా గర్బాలో ఉంటుంది, పొద్దున ఎవరూ లేవరు. దీపావళికి బడులకు ఇరవై ఒక్క రోజుల సెలవులు; బట్టల మార్కెట్ మూసేస్తే మనవాళ్లు సగం మంది ఊళ్లకు బండెక్కుతారు. మార్చి నుంచి ఎండ. పైగా ప్లాస్టిక్ టర్ఫ్ మామూలు గడ్డి కంటే చాలా ఎక్కువ కాగుతుంది, మే నెలలో తొమ్మిది దాటాక దాని మీద పిల్లల్ని ఆడించడం నేరం లాంటిది. మిగిలింది దీపావళి సెలవులు అయిపోయినప్పటి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. అందులో ఉత్తరాయణం వచ్చే వారం వదిలేయండి: ఆకాశంలో పతంగులు, నేల మీద మాంజా, ఎవరూ ఆట చూడరు. పైగా మైదానంలో తెగిపడ్డ మాంజా కాళ్లకు చుట్టుకుంటుంది, తర్వాతి ఆదివారం ఆటకు ముందు పెద్దవాళ్లు నేలంతా ఏరి తీరాలి. ఇదంతా పోగా మీకు కనీసం పన్నెండు ఆదివారాలు దక్కుతాయి. పిల్లల లీగ్‌కు అంతకు మించి అక్కర్లేదు.

సమయం ఎనిమిదింటికి పెట్టండి. రాత్రి పాళీ దిగినవాళ్లు వచ్చేస్తారు, పగటి పాళీ లేనివాళ్లు లేస్తారు. రుసుము పెట్టండి కానీ తక్కువ పెట్టండి, కట్టలేనివాళ్ల పేర్లు ఒక్కరికే తెలియాలి, ఆ ఒక్కరూ నోరు గట్టివారై ఉండాలి. నీళ్లు, మజ్జిగ, గాయాలకు కట్టు సామాన్లు ఎవరు తెస్తారో వారం ముందే రాసుకోండి. ఏ పిల్లవాడితోనూ ఒకే పెద్దమనిషి ఒంటరిగా ఉండకుండా ఎప్పుడూ ఇద్దరు ఉండేలా చూడండి; ఎంత తెలిసినవారైనా సరే. కోచింగ్ నేర్చుకోవాలని ఉన్న కుర్రాళ్లు మీ వీధిలో ఉంటే అఖిల భారత సమాఖ్య తొలిమెట్టుగా 'ఇ' సర్టిఫికెట్ కోర్సు, ఆపైన 'డి' లైసెన్సు నడుపుతోంది, వాళ్లను పంపించండి. డిగ్రీ చదువుతూ ఖాళీగా ఫోను చూసుకునే అన్నలకు అదొక దారి కూడా.

మైదానం కోసం మీ పిల్లలు చదివే మునిసిపల్ బడి ప్రిన్సిపాల్‌ను కలవండి. నోటితో అడిగితే "చూద్దాం" అంటారు. రాతపూర్వకంగా అడగండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఆదివారం ఏ గంట నుంచి ఏ గంట దాకా, బాధ్యత వహించే ఇద్దరి పేర్లు, ఆట అయ్యాక ఆవరణ శుభ్రం చేసే పూచీ. కింద తల్లిదండ్రులందరి సంతకాలు. ఉత్తరం గుజరాతీలో ఉంటే పని త్వరగా అవుతుంది. మీకు రాయడం రాకపోతే మీ ఇంట్లో ఏడో తరగతి చదివే బిడ్డను కూర్చోబెట్టి ఇవాళే రాయించండి, తనకు వస్తుంది.